కార్డు చెప్పే సైజును నమ్మకండి, రాసి చదివించండి

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చాలా తక్కువ ధరకు 1 టీబీ మెమరీ కార్డు కొన్నాను. కంప్యూటర్‌లో 931 జీబీ అని చూపిస్తోంది. కానీ అందులో దాచిన పెళ్లి వీడియోల్లో సగం తెరుచుకోవడం లేదు. అమ్మిన వ్యక్తి కార్డును పరీక్షించే యాప్ అంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడు. వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దు. పెన్‌డ్రైవ్‌లు, కార్డుల గురించి ఇదే ఫిర్యాదు పదేపదే వస్తోంది. ఈసారి దానికి ఈ యాప్ తోడవడం నన్ను ఎక్కువగా భయపెడుతోంది.

931 అనే అంకెలో తేడా లేదు. తయారీదారు 1000 చొప్పున లెక్కగట్టిన 1 టీబీని విండోస్ 1024 చొప్పున లెక్కిస్తే అంతే వస్తుంది. అయితే ఆ అంకె చెప్పింది కార్డే. నకిలీ కార్డుల్లో 32 లేదా 64 జీబీ చిప్పు పెట్టి, కార్డును నడిపే కంట్రోలర్ అనే చిప్పులోని ప్రోగ్రామును (ఫర్మ్‌వేర్) మార్చేస్తారు. ప్రాపర్టీస్ తెరిచినా, ఫార్మాట్ చేసినా సమాధానం ఇచ్చేది ఆ కంట్రోలరే. అసలు జాగా నిండాక రాసింది ఎక్కడా నిలవదు, లేదా పాత ఫైళ్లను చెరిపేస్తుంది. పేర్లు, సైజులు మాత్రం జాబితాలో పదిలంగా కనిపిస్తాయి.

తెరుచుకుంటున్న వీడియోలను ముందు వేరే చోటికి కాపీ చేయండి. అది పూర్తయ్యేదాకా కార్డులో ఇంకేమీ రాయకండి. తర్వాత కార్డును ఖాళీ చేసి, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో, లినక్స్‌లో ఎఫ్3తో పరీక్షించండి. రెండూ ఉచితమే. తెలిసిన డేటాతో కార్డును నింపి, దాన్ని తిరిగి చదివి పోల్చిచూస్తాయి. సెకనుకు 20 ఎంబీ వేగంతో 1 టీబీ రాయడానికే దాదాపు 14 గంటలు పడుతుంది. అందుకే మొదట 150 జీబీతో మొదలుపెట్టండి. నకిలీల్లో చాలావరకు అక్కడే దొరికిపోతాయి. అక్కడ నెగ్గితే మాత్రం పూర్తి పరీక్ష చేయాల్సిందే.

ఇక ఆ యాప్. ఇలా పంపే యాప్‌లు సాధారణంగా ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, యాక్సెసబిలిటీ (వైకల్యం ఉన్నవారికి ఫోను వాడకంలో సాయపడే సదుపాయం) అనుమతి అడుగుతాయి. కార్డును పరీక్షించడానికి మీ ఎస్సెమ్మెస్‌లతో పనేముంది? యాక్సెసబిలిటీ అనుమతితో పనేముంది? ఆ ఒక్క అనుమతి ఇస్తే తెర మీద ఉన్నదంతా అది చదవగలదు, మీ బదులు తానే బటన్లు నొక్కగలదు. బ్యాంకు యాప్, ఓటీపీ అన్నీ దాని ముందు పరిచినట్లే. ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే నెట్ ఆపేయండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి. యాక్సెసబిలిటీ అనుమతి తీసేసి యాప్‌ను తొలగించండి. తొలగకపోతే ఫ్యాక్టరీ రీసెట్ తప్పదు. పాస్‌వర్డులను ఆ ఫోనులో మార్చకండి, వేరే పరికరం నుంచి మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అసలు పెళ్లి వీడియోలకు ఒకే కాపీ ఎందుకు ఉంది? ఇందులో ఫోను తయారీదారుల తప్పు కూడా ఉంది. బ్యాకప్ పూర్తయిందని పచ్చటి టిక్కు చూపిస్తారు. ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో ఒక్కసారి చూసుకోమని మాత్రం అడగరు. ఏడాది పాత వీడియో ఒకటి వెనక్కి తెప్పించి చూపించే బటన్ పెట్టడం వారికి కష్టమైన పని కాదు. పెట్టేదాకా ఆ పని మీరే చేయాలి. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఏదైనా ఒక వీడియోను వేరే కంప్యూటర్‌లోకి దించి, చివరిదాకా నడిపి చూడండి.

పరీక్ష ఫలితాన్ని ఫొటో తీసి, ఆర్డర్ నంబరుతో కలిపి డబ్బు వాపసు కోరండి. అమ్మిన వ్యక్తి పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.