క్షమించాను గాని నమ్మలేకపోతున్నాను

హనుమకొండ నుండి ఒక సోదరి ఇలా రాశారు: "మాకు పెండ్లయి పదకొండేళ్ళు. మా అమ్మ పెట్టిన మూడు తులాల నాను గొలుసును, నా గాజులను మా ఆయన నాకు చెప్పకుండా కుదువబెట్టి, ఎవరో ఫోన్‌లో చూపిన ట్రేడింగ్ యాప్‌లో పెట్టి మొత్తం పోగొట్టారు. బండి డిక్కీలో రెయిన్‌కోటు కింద రసీదు దొరికేదాకా ఏడు నెలలపాటు ప్రతి రాత్రి నా పక్కనే కూర్చొని కుటుంబ ప్రార్థన చేశారు. అడిగితే ఏడ్చి ఒప్పుకున్నారు. క్షమించానని చెప్పాను. కాని ఇప్పుడు ఆయన ఫోన్ మోగినా గుండె దడదడలాడుతోంది. క్షమించినదానివి ఇంకా ఎందుకు అడుగుతున్నావు, విశ్వాసం లేదా అని అత్తమ్మ, సంఘ పెద్దలు అంటున్నారు. క్రిస్మస్‌కు మెదక్ గుడికి పోయి అన్నీ అక్కడే వదిలేసి వద్దామని ఆయన అంటున్నారు. మోకరిస్తే నాకు మాట రావడం లేదు. నా విశ్వాసమే సన్నగిల్లిందా?"

సోదరీ, మీ ఉత్తరంలో బంగారం సంగతి దగ్గర కాదు, ఆ ఏడు నెలల కుటుంబ ప్రార్థన దగ్గరే నేను ఆగిపోయాను. దెబ్బ తగిలింది ప్రార్థన చేసుకునే చోటనే కాబట్టి, మళ్ళీ అక్కడే మోకరించినప్పుడు మాట రాకపోవడంలో వింత లేదు. దానికి అవిశ్వాసం అని పేరు పెట్టకండి.

మన భాషలో ఒక చిక్కు ఉంది. దేవుణ్ణి నమ్మడానికీ, మనిషి చెప్పిన లెక్కను నమ్మడానికీ ఒకే మాట వాడతాం. అందువల్ల భర్త లెక్కను అడిగిన భార్య దేవుణ్ణే శంకించినట్టు కనబడుతుంది. పైగా పెద్దలమైన మాకు ఇతరుల ఇంటి గొడవ త్వరగా తెమిలిపోవాలని ఉంటుంది. ఆదివారం మీరిద్దరూ ఒకే బండి మీద గుడికి వస్తే మాకు ప్రాణం హాయిగా ఉంటుంది. మీకు కలిగే హాయి సంగతి ఆ తొందరలో మరచిపోతాం.

ఆదికాండములో యోసేపు కథను 42వ అధ్యాయము నుండి నిదానంగా చదవండి. ఇరవై వెండి నాణెములకు తనను అమ్మివేసిన అన్నలు కరవు కాలంలో ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చినప్పుడు, అప్పటికే అక్కడ అధికారిగా ఉన్న యోసేపు వారి సంచులు నింపించాడు, వారు తెచ్చిన రూకలను తిరిగి ఆ సంచులలోనే పెట్టించాడు, పక్కకు వెళ్ళి ఏడ్చాడు కూడా. అంటే మనసులో పగ లేదు. అయినా తాను ఎవరో అప్పుడే చెప్పలేదు. వారిలో షిమ్యోనును తన దగ్గర ఉంచుకున్నాడు, అందరికన్నా చిన్నవాడైన బెన్యామీనును తీసుకొని రమ్మన్నాడు, రెండవసారి అతని గోనెలో వెండి గిన్నె పెట్టించి, దొంగతనం మోపి దాసునిగా ఉంచుకుంటానన్నాడు. చివరకు, ఒకనాడు తమ్ముణ్ణి అమ్మేద్దామని సలహా ఇచ్చిన యూదాయే "ఈ చిన్నవానికి బదులు నన్ను దాసునిగా ఉంచుకొనుము" అని వేడుకున్నాక గాని ఆయన తనను తాను బయటపెట్టుకోలేదు. అన్నం పెట్టడానికి ఆయన ఏ రుజువూ అడగలేదు; తన పేరు చెప్పడానికి మాత్రం అడిగాడు. మీరు క్షమించినది నిజమే. లెక్క అడుగుతున్నది కూడా న్యాయమే.

ఇక చేయవలసిన పని చూద్దాం. ఒక ఆదివారం సాయంత్రం పిల్లలు ఇంట్లో లేనప్పుడు ఇద్దరూ కూర్చొని, ఉన్న బాకీలన్నీ ఒక నోటు పుస్తకంలో ఆయన చేతనే రాయించండి. చేబదుళ్ళు, కార్డు అప్పులు, స్నేహితుల దగ్గర తీసుకున్నవి, ఏదీ వదలకూడదు. మొదటిసారి సగమే చెప్పి, మిగతాది మూడు నెలల తర్వాత బయటపడితే రెండవ దెబ్బ మొదటిదానికన్నా లోతుగా తగులుతుంది. ఈ మాట ఆయనకు ముందే చెప్పండి. ఆ యాప్ మోసపు యాప్ అయితే సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. సిగ్గుతో ఇప్పటికే చాలా ఆలస్యం చేశారు. నగల మిత్తి ఎప్పటివరకు కట్టారో, గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఇద్దరూ కలిసి వెళ్ళి తెలుసుకోండి. గడువు దాటితే నోటీసు ఇచ్చి వేలం వేస్తారు. పోయిన డబ్బును మళ్ళీ అందులోనే రాబట్టాలన్న తహతహ ఆయనలో ఇంకా కనబడితే, అది ఉపవాస కూడికతో మాత్రమే తీరేది కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మీ వైపు నుండి ఒకటి కోరతాను. లెక్క అడగడానికి నెలకు ఒక రోజు పెట్టుకోండి. అన్నం దగ్గర, అత్తమ్మ ముందు, అర్ధరాత్రి ఆయన ఫోన్ తెరిచి చూస్తూ అడగకండి. అలా చూసి పట్టుకున్న నిజం మీకు నెమ్మది ఇవ్వదు. ఆయన తానే వచ్చి చెప్పిన నిజం కొద్దికొద్దిగా ఇస్తుంది.

మెదక్ తప్పకుండా వెళ్ళండి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిని మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించింది కరవులో ఆకలిగొన్నవారికి పని చూపి, తిండి పెట్టి. అంత పెద్ద ఆరాధన స్థలం కూడా ముందు ఇంటి పొయ్యి సంగతి చూసింది. కనుక నోటు పుస్తకం నిండాకే బయలుదేరమని ఆయనతో చెప్పండి.

ప్రార్థన విషయంలో మీ మీద మీరు బలవంతం చేసుకోవద్దు. కొన్నాళ్ళు మీ సొంత మాటలు వెతకకుండా 13వ కీర్తన చదవండి, "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలయ్యే ఆ ఆరు వచనాలు పైకి చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అది కూడా కష్టమైన రాత్రి, మార్కు 9వ అధ్యాయములో కొడుకును బాగుచేయమని యేసు దగ్గరకు వచ్చిన తండ్రి కేక ఒక్కటి చాలు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ప్రభువు ఆ తండ్రిని ముందు నమ్మకం సరిచేసుకొని రమ్మని పంపలేదు, బిడ్డను బాగుచేశాడు.

డిక్కీలో దొరికిన ఆ రసీదును చింపకండి, దాచకండి. కుటుంబ ప్రార్థనకు బైబిలు పెట్టుకునే బల్ల సొరుగులో, నోటు పుస్తకంతో పాటు, ఇద్దరి చేతికీ అందేలా పెట్టండి.