ఉత్తరం వసారాలో కుండీ మొక్కలు ఎందుకు పోతున్నాయి?

మీది అమలాపురం దగ్గర ఉత్తరం వాకిలి ఇల్లని, వసారాలోకి ఎండ రాదని, కడియపులంక నుంచి తెచ్చిన అగ్లోనిమాలన్నీ రెండు నెలల్లో పోయాయని రాశారు. మిగిలిన ఒక్క పీస్ లిల్లీకి ఆకుల కొసలు మాడుతున్నాయన్నారు. ఇదంతా నీడ వల్లేనా అని అడిగారు. నాకలా అనిపించట్లేదండి. మాది రాజోలు వైపు, మాదీ ఉత్తరం వసారాయే. పదకొండేళ్ళుగా అక్కడే కుండీలు పెంచుతున్నాను. నా దగ్గర పోయినవాటిలో ఎక్కువ భాగం నీళ్ళ వల్లే పోయాయి.

మొదటి ఏడాది ఒక అగ్లోనిమా తల వేలాడేసింది. పైన మట్టి నెర్రెలిచ్చి ఉంటే దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోశాను. మర్నాడు కాండం పట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది. మొదలంతా మెత్తగా అయిపోయి మురుగు వాసన కొట్టింది. కుండీ బోర్లించి చూద్దును కదా, పైన రెండంగుళాలు పొడి, లోపల నర్సరీ కవర్లోని బంకమట్టి ముద్ద ముద్దగానే ఉంది. పిండితే నీళ్ళు కారేంత తడి. ఆ మట్టి ప్రయాణంలో వేరు కదలకుండా పట్టుకుంటుంది గానీ, ఎండ తగలని వసారాలో, మన ఉక్క గాలికి అది ఎన్నాళ్ళకీ ఆరదు. గాలి అందక వేళ్ళు కుళ్ళిపోతాయి.

అందుకని మొక్క తెచ్చాక వారం రోజులు అలవాటు పడనిచ్చి, ఆ ముద్దను బకెట్ నీళ్ళలో నానబెట్టి, వేలితో మెల్లగా సగానికి పైగా మట్టి వదిలించేస్తాను. కొత్త కుండీలో రెండు పాళ్ళు కొబ్బరి పొట్టు, ఒక పాలు గోదావరి ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. పొట్టు మనకి బస్తాలకొద్దీ దొరుకుతుంది కానీ అందులో ఉప్పు ఉంటుంది. తొట్టిలో రాత్రంతా నానబెట్టి వార్చేయడం, ఇలా మూడుసార్లు. మొదటి నీళ్ళు డికాషన్‌లా దిగుతాయి, మూడోసారికి పల్చబడతాయి. ఈ పని మాత్రం బద్ధకించకండి. నీళ్ళు ఎప్పుడు పోయాలో వేలు గుచ్చి చూడండి, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే పోయాలి. కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వద్దు, దోమలు కూడా చేరతాయి.

మీ పీస్ లిల్లీ కొసలు మాడటం ఉప్పు వల్లే అయ్యుండొచ్చు. వేసవిలో కాలవలు కట్టేశాక మాకు బోరు నీళ్ళే దిక్కు, అవి నోట్లో పోసుకుంటేనే తెలిసిపోతాయి. ఆ నెలల్లో నేను తాగే నీళ్ళలో కొంత మొక్కలకి మిగులుస్తాను. మృగశిరలో మొదటి గట్టి వాన పడగానే కుండీలన్నీ వాకిట్లో పెట్టేస్తాను, పేరుకున్న ఉప్పు కిందికి కడుక్కుపోతుంది. ఎండ కాసేలోపు లోపలికి తెచ్చెయ్యాలి.

ఇంకో సంగతి. ఉత్తరం వసారాకి ఎండ రాదన్నది సగమే నిజం. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. పొద్దున్నా సాయంత్రం ఏటవాలుగా ఎండ లోపలికి వస్తుంది. రోహిణి కార్తెలో నా ఫెర్న్ ఒక పక్కే మాడితే ఆలస్యంగా అర్థమైంది. అప్పటి నుంచి ఆ మూడు నెలలూ కుండీలు గోడ వారకి జరిపి, చూరుకి గ్రీన్ నెట్ కడుతున్నాను.

ఏం పెట్టుకోవాలంటే, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్‌తో మొదలుపెట్టండి, నీళ్ళు పోయడం మరిచిపోయినా బతుకుతాయి. సింగోనియం, స్పైడర్ ప్లాంట్, మనీ ప్లాంట్ తేలిక. క్రోటన్లు వద్దు, నీడలో రంగు పోయి పచ్చబడిపోతాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది తమలపాకు. మూడు కణుపుల తీగ ముక్క వానాకాలంలో గుచ్చితే చాలు, స్తంభానికి పాకేస్తుంది. మా అత్తగారు భోజనమయ్యాక లేచి అక్కడే రెండాకులు తుంచుకుంటారు.

పాకే వయసు పాప ఉందన్నారు కాబట్టి డైఫెన్‌బేకియా జోలికి పోకండి. ఆకు కొరికితే నోరంతా మండి, నాలుక వాస్తుంది. అగ్లోనిమా, మనీ ప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ కూడా ఆ కుటుంబానివే, చేతికందని ఎత్తులో ఉంచండి. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ కూడా నోట్లో పెట్టుకునేవి కావు, వాటినీ పైనే ఉంచండి. కిందవరసలో స్పైడర్ ప్లాంట్, ఫెర్న్, తమలపాకు పెట్టుకోవచ్చు.