నీ కత్రినా కథ గురించి

చి. రమ్యకు,

2005లో న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచేసిన కత్రినా తుపాను మీద నువ్వు రాసిన కథ చదివాను. వాక్యం బాగుంది, చెయ్యి తిరిగింది. కథే కుదరలేదు. హ్యూస్టన్‌లో మన తెలుగు ఇంజనీరు పులిహోర పొట్లాలు పట్టుకుని, వరద బాధితులు తలదాచుకున్న స్టేడియం ఆస్ట్రోడోమ్‌కి వెళ్ళడం, న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన నల్లజాతి ముసలావిడ అతని చేతులు పట్టుకుని ఏడవడం, అతను మారిన మనిషై ఇల్లు చేరడం. ఇందులో ఆ ముసలావిడకున్న పనల్లా అతన్ని మంచివాణ్ణి చెయ్యడమే. ఆమెకు పేరు లేదు, ఇల్లు లేదు. ఆ పులుపు సయించక పొట్లం పక్కన పెట్టేసే వీలు కూడా నువ్వివ్వలేదు.

ఆ సెప్టెంబరులో అదే ఆస్ట్రోడోమ్‌కి బార్బరా బుష్ వెళ్ళారు, అప్పటి అధ్యక్షుడి తల్లి. వీళ్ళలో చాలామంది ముందునుంచీ లేనివాళ్ళే కదా, ఇక్కడ వీళ్ళకి బాగానే ఉంది అనే అర్థం వచ్చేలా మాట్లాడారు. జనం దుమ్మెత్తిపోశారు. ఆమె రాక్షసి అని నేననుకోను, వెళ్ళింది పరామర్శకే. నీ ఇంజనీరు పైకి అనలేదు గానీ అతని చూపూ అక్కడే ఆగింది, వరదే వాళ్ళని పుట్టించినట్టు.

అందుకే ముసలావిడ కథని 2005 ఆగస్టు 28, ఆదివారం నాడు మొదలుపెట్టు. ఊరొదిలి పొమ్మని మేయర్ రే నాగిన్ ఆదేశించిన రోజది. ఊళ్ళో లక్షమందికి పైగా కారు లేనివాళ్ళు. అసలే నెలాఖరు. ఒకటో తారీఖున వచ్చే సర్కారు చెక్కు మీద బతికే ఇంట్లో ఆ రోజు ఎంత ఉంటుంది? అందులో బండి కిరాయికెంత, మోటెల్‌కెంత? "వీళ్ళెందుకు కదల్లేదు?" అని టీవీ ముందు కూర్చుని అడిగినవాళ్ళకి జవాబు ఆమె పర్సులో ఉంది. మన తీరంలో దళితవాడ ఊరికి పల్లాన ఎందుకుంటుందో తెలిసినదానివి, నీకు వేరే చెప్పాలా.

తర్వాత ఇల్లు. ఆమెది న్యూ ఆర్లీన్స్ నగరంలో నల్లవాళ్ళ పేట లోయర్ నైన్త్ వార్డ్ అనుకుందాం. అక్కడ చాలావరకు అద్దె కొంపలు కావు, పెద్దవాళ్ళ నుంచి వచ్చిన సొంత ఇళ్ళు. కరకట్ట తెగి అవి పోయాక ఇళ్ళు తిరిగి కట్టుకోవడానికి ప్రభుత్వం పెట్టిన 'రోడ్ హోమ్' పథకం సాయాన్ని ఎలా లెక్కగట్టిందో చూడు. తిరిగి కట్టడానికయ్యే ఖర్చు, వరదకు ముందు ఆ ఇంటికి మార్కెట్లో ఉన్న ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. నల్లవాళ్ళ పేటలో అదే కొలతల ఇంటికి ధర తక్కువ పలుకుతుంది. కలప, మేకులు, మేస్త్రీ కూలీ ఊరంతా ఒకటే. లెక్కలో ఎక్కడా జాతి మాటే లేదు! కోర్టుకెళ్తే 2011లో 6.2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆమె వంటబల్ల దగ్గర కూర్చుని ఆ సాయం లెక్క కాగితం చదివే ఒక్క పేజీ రాయి, కన్నీళ్ళు నువ్వు పెట్టక్కర్లేదు.

అలాగని తెల్లవాళ్ళందర్నీ విలన్లు చెయ్యకు. మునిగిన ఊళ్ళోంచి వంతెన మీదుగా నడిచొస్తున్న జనాన్ని, తెల్లవాళ్ళు ఎక్కువున్న నది అవతలి పట్టణం గ్రెట్నా పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి వెనక్కి మళ్ళించారు. అంతకుముందు కొన్ని వేలమందిని బస్సులెక్కించి పంపామని అదే పట్టణం చెప్పుకుంది. ఈ రెండూ చేసిన పోలీసు ఒకడే అనుకో. ఆ రాత్రి అతనికి నిద్ర బాగానే పట్టి ఉంటుంది. ఎలా పట్టిందో కనుక్కో. నాకు కావలసిన కథ అక్కడుంది.

తొందరేం లేదు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో టైప్ చేసి పంపు, నా కళ్ళు మునుపటిలా లేవు.

ఉంటాను,
మాస్టారు