ఏళ్ళ తరబడి నిలిచిపోయిన సైనిక ట్రక్కును కదిలించే ముందు

చిరంజీవికి, పెదనాన్న ఆశీస్సులు.

అమెరికా సైన్యం వాడిన పాత ఎం35ఏ2 ట్రక్కు కొన్నావనీ, వచ్చే ఆదివారం కొత్త బ్యాటరీలు తగిలించి స్టార్ట్ చేయాలనుకుంటున్నావనీ రాసిన ఉత్తరం అందింది. చాలా సంతోషం. అయితే ఆ ఆదివారం మాత్రం ఇంజిను జోలికి పోవద్దు. సైన్యం కోసం తయారైన డీజిల్ బండి తిరిగి తిరిగి పాడవడం తక్కువ, ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి పాడవడమే ఎక్కువ. నిలిచిపోయిన బండిలో రబ్బరు గొట్టాలు లోలోపల పగులుతాయి, ట్యాంకు అడుగున నీరు చేరుతుంది, చక్రాల సిలిండర్లకు తుప్పు పడుతుంది, డీజిల్ పంపు జిగురు పట్టి బిగుసుకుంటుంది. ఇవేవీ పైకి కనబడవు. కాబట్టి బండి నడుస్తుందా లేదా అని చూసేలోగా, నడిచిన బండి ఆగుతుందా, తిరిగిన ఇంజిను ఆగుతుందా అన్న రెండు విషయాలు తేల్చుకో.

పానా పట్టే ముందు పుస్తకాలు దగ్గర పెట్టుకో. నీ బండికి అమెరికా సైన్యం టీఎం (టెక్నికల్ మాన్యువల్) 9-2320-361 అన్న సంఖ్యతో మాన్యువళ్ళు వేసింది. ఆ సంఖ్య చివర 10 అని ఉన్నది డ్రైవరు కోసం, 20 అని ఉన్నది యూనిట్లో చేసే మరమ్మతుల కోసం, 34 అని ఉన్నది అంతకంటే పెద్ద పనుల కోసం. విడిభాగాల జాబితాలో ప్రతి భాగానికీ 13 అంకెల స్టాకు నంబరు ఉంటుంది. ఆ నంబరుతో వెతికితే అదే బేరింగు, అదే సీలు మామూలు లారీల తయారీదారుల పేరుతోనూ దొరకడం చూస్తావు. చూడ్డానికి ఒకేలా ఉందని కొనవద్దు, నంబరు కలిస్తేనే కొను.

ఇక బ్రేకుల విషయం. ఈ బండిలో పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చే ఒత్తిడిని ఎయిర్‌ప్యాక్ అనే పరికరం గాలి బలంతో పెంచి చక్రాలకు పంపుతుంది. పాత ఎం35ఏ2లలో బ్రేక్ ఆయిల్‌కు ఉన్నది ఒకే దారి. పది చక్రాలలో ఎక్కడ ఒక గొట్టం పగిలినా, ఒక్క సిలిండరు కారినా, మొత్తం బ్రేకు పోతుంది. ఈ ఒక్క కారణంతోనే రబ్బరు గొట్టాలన్నింటినీ, అవి ఎంత బాగున్నట్టు కనిపించినా సరే, మార్చి తీరాలంటాను. డ్రమ్ములన్నీ విప్పి ప్రతి చక్రపు సిలిండరు పైనున్న రబ్బరు తొడుగు అంచును వేలితో పైకెత్తి చూడు. లోపల పొడిగా ఉంటే మంచిదే. తడిగా ఉన్నా, గోధుమరంగు బురద అంటినా ఆ సిలిండరును తీసివేయవలసిందే. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదకు, తడిపి తుడువు.

ఏ బ్రేక్ ఆయిల్ ఉందో తెలియకుండా పైనుంచి ఏదీ పోయవద్దు. అమెరికా సైన్యం తర్వాతి కాలంలో డాట్ 5 అనే సిలికోన్ ఆయిల్‌కు మారింది. మామూలు లారీలలో వాడేది గ్లైకాల్ రకం, డాట్ 3 గానీ డాట్ 4 గానీ. ఈ రెండూ కలవవు, కలపకూడదు. గ్లైకాల్ ఆయిల్ నీటిని తనలో కలుపుకొని త్వరగా మరుగుతుంది. సిలికోన్ ఆయిల్ నీటిని కలుపుకోదు గనుక లోపలికి చేరిన నీరు బొట్టుగా మిగిలి, అట్టడుగున సిలిండరులో కూర్చుని అక్కడే తుప్పు పట్టిస్తుంది. సిలికోన్ వాడితే ఆయిల్ చెడదు గనుక చూడనక్కరలేదన్న మాట నమ్మకు. ఎయిర్ ట్యాంకుల కింద ఉన్న కాక్‌లను కూడా బండి తీసిన ప్రతి రోజూ తెరిచి, చేరిన నీరు పోనివ్వాలి.

చక్రాల దగ్గర నిన్ను గట్టిగా హెచ్చరించవలసి ఉంది. ఇవి లాక్ రింగుతో, అంటే టైరును పట్టి ఉంచే విడి ఇనుప వలయంతో కూడిన డిస్కులు. ఆ రింగు సరిగా కూర్చోకుండా గాలి నింపితే అది ఎగిరిపడి మనిషిని చంపేస్తుంది, ఇందులో అతిశయోక్తి లేదు. చక్రం విప్పే ముందు వాల్వు లోపలి పిన్ను తీసి గాలి పూర్తిగా పోనివ్వు. తిరిగి నింపేటప్పుడు ఇనుప పంజరంలో పెట్టి, పొడవైన గొట్టానికి వాల్వును పట్టుకుని ఉండే క్లిప్పు తగిలించి, రింగు ఎగిరే దిశకు పక్కగా, దూరంగా నిలబడు. బండికి ఉండగానే టైరులో గాలి పెంచాలంటే, రావలసిన ఒత్తిడిలో 80 శాతానికి మించి గాలి అందులో ఉండాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. అంతకు దిగిన టైరును విప్పి లోపల చూడవలసిందే. తుప్పు తిన్న రింగును సుత్తితో సరిచేయకు, ఒక తయారీ డిస్కుకు మరో తయారీ రింగు వేయకు. ఇంకొక మాట: ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మర కలవి. బోల్టు కొనమీద ఎల్ అక్షరం చెక్కి ఉంటుంది, తుప్పు తుడిచి చూస్తే కనబడుతుంది. అది చూసుకోక, మామూలుగా విప్పే వైపు బలమంతా పెట్టి బోల్టులు తెంపుకున్నవారు చాలామంది.

కరెంటు గురించి ఎక్కువ రాయను. ఇది 24 వోల్టుల బండి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. రెండూ ఒకే రకం, ఒకే వయసువి కావాలి. రేడియో కోసమని ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగితే ఒకటి తక్కువగా, మరొకటి అతిగా ఛార్జి అయి రెండూ పాడవుతాయి. దానికి కన్వర్టరు పెట్టుకో. వైర్లకు చుట్టి ఉన్న నంబరు బిళ్ళలను మాత్రం ఊడదీయకు, మాన్యువల్లోని వైరింగు పటం ఆ నంబర్లతోనే అర్థమవుతుంది.

ఇప్పుడు ఇంజిను. ట్యాంకు దింపి కడుగు. డీజిలూ నీరూ కలిసే అంచున సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు పేరుకుంటుంది, అది ఫిల్టర్లను మూసేస్తుంది. ఫిల్టర్లన్నీ మార్చు, కొత్త డీజిల్ పోసి, లైనులో ఎయిర్ తీయి. ఇది పలు రకాల ఇంధనాలతో నడిచేలా చేసిన మల్టీఫ్యూయల్ ఇంజిను గనుక వాడేసిన ఇంజినాయిల్‌ను డీజిల్‌లో కలిపి పోసేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ ఆయిల్‌లోని లోహపు పొడి, మసి పోయేది పంపులోకీ నాజిళ్ళలోకీ. పంపు హెడ్డు ఒకసారి అరిగితే బండి ధరలో పెద్ద భాగం దానికే పోతుంది. పంపును నువ్వు విప్పవద్దు, అది పంపును పరీక్షించే బెంచీ ఉన్నవారి పని.

పంపులో డీజిల్‌ను కొలిచి పంపే భాగం నిండుగా ఇచ్చే చోట బిగుసుకుని ఉంటే, స్టార్టయిన ఇంజిను అదుపు తప్పి వేగం పెంచుకుంటూ పోతుంది. అందుకని ముందు ఇంజిను ఆపే హ్యాండిల్‌ను లాగి, కేబులు అవతలి కొన దగ్గర పంపు మీది లివరు నిజంగా కదులుతోందో లేదో ఒక మనిషిని నిలబెట్టి చూడు. కేబిన్‌లో హ్యాండిల్ కదిలినంత మాత్రాన లివరు కదిలినట్టు కాదు. ఇంజినులోకి గాలిని నెట్టే టర్బో సీళ్ళ గుండా ఇంజిను తన ఆయిల్‌నే పీల్చుకోవడం మొదలైతే డీజిల్ ఆపినా ఆగదు, గాలి మూయడం ఒక్కటే దారి. గాలి పీల్చే మూతి కంటే పెద్దదైన మందపాటి చెక్కపలక ఒకటి పట్టుకుని ఒకరు సిద్ధంగా ఉండాలి. చేయి అడ్డం పెట్టకూడదు, గుడ్డను లోపలికి లాగేసుకుంటుంది.

ఆ హ్యాండిల్ లాగి ఉంచి, ఆయిల్ ప్రెషరు ముల్లు లేచేదాకా సెల్ఫ్‌తో కొంచెం కొంచెంగా, మధ్యమధ్య మోటారు చల్లారనిస్తూ తిప్పు. ఆ తర్వాతే డీజిల్ వదులు. నడిచాక డిప్‌స్టిక్‌లో మట్టం పెరిగితే సంబరపడకు, వాసన చూడు, డీజిల్ ఆయిల్‌లోకి కారుతోందేమో.

మొదటిసారి రోడ్డెక్కినప్పుడు బ్రేకు గాలి ఒత్తిడి తక్కువగా ఉంటే మోగే బజరు ఆగేదాకా కదలకు, దగ్గరలోనే చదునైన చోట కొద్దిదూరం పోయి ఆపు. దిగి ఆరు హబ్బుల దగ్గరా (వెనుక జంట చక్రాలకు ఒకే హబ్బు) చేతి వెనుకభాగం ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడు. మిగతావాటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు బిగువుగా ఉంది. ఆ చక్రం విప్పి చూశాకే వెనక్కి తీసుకురా. చక్రాల నట్లు కూడా ఆ రోజే మళ్ళీ బిగించు.

బ్రేకు సిలిండర్లు విప్పాక ఎలా ఉన్నాయో రాయి.

నీ పెదనాన్న