దుబాయ్ లెక్క, ఇంగ్లండ్ లెక్క, మనూరి లెక్క

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. అమలాపురంలో చదివి, హైదరాబాద్‌లో ఆరేళ్ళు ఉద్యోగం చేసి, ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లు పట్టుకుని కూర్చున్నాడు. ఒకటి దుబాయ్, నెలకి 14,000 దిర్హమ్‌లు. రెండోది ఇంగ్లండ్, ఏడాదికి 45,000 పౌండ్లు. "మావయ్యా, రూపాయల్లోకి మార్చి చూశానండి, ఇంగ్లండ్‌దే బాగా ఎక్కువొస్తందండి, ఇంక ఆలోచించేదేముందండీ?" అన్నాడు. నేను ఆరేళ్ళు దుబాయ్‌లో ఉండి, పదకొండేళ్ళుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నవాణ్ణి. రెండుచోట్లా మొదటి ఏడాది అప్పుల్లో పడినవాణ్ణి కూడా. నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు కాబట్టి వాడికి చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

వాడికి మొదట చెప్పింది ఇదీ. ఒరేయ్, అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయల ధర ఎంతో కనుక్కుని, అంతమాత్రానికే ఎవడైనా కొబ్బరి తోట కౌలుకి తీసుకుంటాడా? దింపు కూలి, ఒలుపు కూలి, మోత కూలి, ఎరువు, కౌలు అన్నీ పోను ఎంత మిగులుతుందో చూసుకునే కదా మీ తాత బేరానికి కూర్చునేవాడు. ఆఫర్ లెటర్‌లో ఉన్నది వెయ్యి కాయల ధర మాత్రమే.

ముందు పన్ను సంగతి. దుబాయ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు, 14,000 అంటే 14,000 బ్యాంకులో పడుతుంది. ఇంగ్లండ్‌లో మొదటి 12,570 పౌండ్ల మీద పన్ను ఉండదు, ఆ పైన 50,270 వరకు 20 శాతం ఆదాయపు పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత కోసం సర్కారు జీతంలోంచి పట్టుకునే వాటా). 45,000కి వేసి చూస్తే పన్ను 6,486, నేషనల్ ఇన్సూరెన్స్ దాదాపు 2,594. పెన్షన్‌కి కూడా కొంత పట్టుకుంటారు. అన్నీ పోను చేతికొచ్చేది నెలకి సుమారు 2,860 పౌండ్లు. పౌండ్ 1.3 డాలర్ల దగ్గర ఉందనుకుంటే ఇది 3,700 డాలర్ల చిల్లర. దిర్హమ్‌ని 1997 నుంచీ డాలర్‌కి కట్టేశారు, ఒక డాలర్‌కి 3.6725. ఆ లెక్కన 14,000 దిర్హమ్‌లు 3,812 డాలర్లు. అంటే వాడు బాగా ఎక్కువ అనుకున్నది నిజానికి ఓ పిసరు తక్కువ. ఇంతదాకా చెప్పేసరికే ఫోన్లో అవతల నిశ్శబ్దం.

ఇక్కడితో ఆపి దుబాయ్‌కి టికెట్ కొనేస్తే అదీ తప్పే. మేం మునిగింది పన్ను దగ్గర కాదు, అద్దె దగ్గర. అద్దె ఎంత అనేదానికంటే ఎలా కట్టాలి అనేదే పెద్ద విషయం. దుబాయ్‌లో అద్దె ఏడాది లెక్కన మాట్లాడతారు, రాబోయే తేదీలు వేసిన చెక్కులు ముందే ఇవ్వాలి, ఒకటో రెండో నాలుగో, ఓనర్ దయ. ఏడాదికి 60,000 దిర్హమ్‌ల ఫ్లాట్ అనుకోండి. నాలుగు చెక్కులకి ఒప్పుకున్నా మొదటిది 15,000. ఏజెంట్ కమీషన్ మామూలుగా 5 శాతం, అది 3,000. సెక్యూరిటీ డిపాజిట్ ఇంకో 3,000. కరెంటు, నీళ్ళ కనెక్షన్‌కి 'దేవా'లో 2,000 డిపాజిట్. (దేవా అంటే దుబాయ్ కరెంటు, నీళ్ళ సంస్థ. ఎండాకాలం బిల్లు చూసినప్పుడల్లా ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.) మంచం, పరుపు కొనకముందే 23,000 పోయాయి, అంటే నెలన్నర జీతం కంటే ఎక్కువ. పైగా ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు అని అదే దేవా బిల్లులో నెల నెలా కలిపేస్తారు, మన ఉదాహరణలో నెలకి 250. పన్ను లేని దేశం అని విని వెళ్ళినవాళ్ళు మొదటి బిల్లు దగ్గరే నోరెళ్ళబెడతారు. నేనూ అంతే. కంపెనీ అడ్వాన్స్ ఇస్తుందని చెప్పారు, చెక్కు రోజుకి ఇవ్వలేదు, రూమ్మేట్ దగ్గర చేయి చాచాను.

అందుకే దుబాయ్ ఆఫర్ వచ్చినవాళ్ళు ముందు అడగాల్సింది జీతం పెంచమని కాదు. అద్దె డబ్బు ముందుగా ఇచ్చి తర్వాత జీతంలో కోసుకుంటారా అని.

ఇంగ్లండ్‌లో అద్దె నెల నెలా కడతాం, డిపాజిట్ అయిదు వారాల అద్దెకి మించకూడదని చట్టం ఉంది. 1,100 పౌండ్ల అద్దెకి సుమారు 1,270. ఏజెంట్లు అద్దెకొచ్చేవాళ్ళ దగ్గర అడ్డమైన ఫీజులు వసూలు చేయడం 2019 జూన్ నుంచి నిషేధం, నేను వచ్చినప్పుడు ఆ భాగ్యం లేదు, ఫారం నింపినందుకు కూడా డబ్బు తీసుకున్నారు. ఇక్కడ అద్దె పక్కనే కౌన్సిల్ ట్యాక్స్ ఉంటుంది. మన పంచాయతీ ఇంటి పన్నులా ఓనరే కడతాడులే అనుకోకండి, ఉన్నవాళ్ళే కట్టాలి, మామూలుగా పది వాయిదాల్లో. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడే ఏ బ్యాండో, అంటే ఇంటి విలువని బట్టి ఏ పన్ను శ్రేణిలో ఉందో, అడగండి. ఎదురెదురు ఇళ్ళలోనే తేడా ఉంటుంది.

ఇంగ్లండ్‌లో అసలు దెబ్బ దేశంలో అడుగు పెట్టకముందే పడుతుంది. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టాలి, పెద్దవాళ్ళకి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776, అదీ వీసా ఎన్నేళ్ళకైతే అన్నేళ్ళదీ ఒకేసారి. మావాడు, భార్య, మూడేళ్ళ పాప, మూడేళ్ళ వీసా. పెద్దవాళ్ళిద్దరికి 6,210, పాపకి 2,328, మొత్తం 8,538 పౌండ్లు. వీసా ఫీజులు దీనికి అదనం. కొన్ని కంపెనీలు ఇది కడతాయి, కొన్ని ఉద్యోగికి మాత్రమే కట్టి కుటుంబానికి మీరే కట్టుకోండి అంటాయి. ఆఫర్ లెటర్‌లో ఒక్క లైను, దాని విలువ మూడు నెలల చేతి జీతం. మావాడి లెటర్‌లో ఆ లైనే లేదు.

అయితే కట్టాక ఆసుపత్రికి వెళ్తే బిల్లు ఉండదు. మందుల చీటీకి ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, పిల్లలకి అదీ లేదు. పంటి నొప్పి మాత్రం ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకునేవాళ్ళే ఎక్కువ. దుబాయ్‌లో ఉద్యోగికి ఇన్సూరెన్స్ కంపెనీయే ఇవ్వాలి, కానీ భార్యాపిల్లలది వాళ్ళని స్పాన్సర్ చేసినవాడి బాధ్యత. అంటే మీదే.

పిల్లల సంగతి దగ్గరే ఈ రెండు దేశాలూ నిలువునా విడిపోతాయి. దుబాయ్‌లో మన పిల్లలు వెళ్ళేవి ప్రైవేటు స్కూళ్ళే, సీబీఎస్ఈ స్కూళ్ళు బ్రిటిష్ సిలబస్ స్కూళ్ళకంటే బాగా చవక, అయినా ఫీజు, బస్సు, యూనిఫాం కలిపితే ఒక్కో పిల్లకీ రెండో అద్దెలా తయారవుతుంది. ఇంగ్లండ్‌లో నాలుగేళ్ళు నిండాక వచ్చే సెప్టెంబర్‌లో సర్కారు బడిలో చేర్చొచ్చు, ఫీజు లేదు, మా పిల్లలిద్దరూ అలాగే చదివారు. కానీ ఆ లోపు, అమ్మానాన్నా ఇద్దరూ ఉద్యోగం చేస్తే, నర్సరీ ఫీజు చూసి కళ్ళు తిరుగుతాయి. మూడు, నాలుగేళ్ళ పిల్లలకి వారానికి 15 గంటలు ఉచితం, అదీ బడి నడిచే వారాల్లోనే, ఏడాదికి 38 వారాలు. భార్య కూడా ఉద్యోగం చేస్తే ఇంకో జీతం వస్తుంది కదా అని మావాడు అన్నాడు. వస్తుంది, స్కిల్డ్ వర్కర్ వీసాలో ఆ హక్కు ఉంది. మొదటి ఏడాది ఆ జీతంలో సగం పైన నర్సరీకే పోతుందనుకుని లెక్క రాయమన్నాను. పాప బడిలో పడ్డాక కథ మారుతుంది. అంటే పిల్లలు చిన్నగా ఉన్నవాళ్ళకీ, బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళకీ, పెళ్ళికానివాళ్ళకీ ఈ రెండు దేశాల లెక్క ఒకటి కాదు. ఎవరి పట్టికో చూసి మీ నిర్ణయం తీసుకోవద్దనేది ఇందుకే.

ధరలు పోల్చే సైట్లు చూస్తారుగా, నంబియో లాంటివి. చూడండి, తప్పు లేదు. వాటిలో అంకెలు చాలావరకు మనలాంటి జనం నింపినవే, న్యూయార్క్‌ని 100 అనుకుని మిగతా ఊళ్ళని కొలుస్తారు. పాల లీటరు, రొట్టె, బస్సు పాస్ దాకా బాగానే ఉపయోగపడతాయి. మీరు కొనేది సోనా మసూరి పది కిలోల బస్తా, చింతపండు, కందిపప్పు, అది ఆ పట్టికలో వెతికితే దొరకదు. దుబాయ్‌లో మన కూరగాయలన్నీ పక్క వీధిలోనే, ములక్కాడ, దొండకాయ, కరివేపాకు, అన్నీ. ఇక్కడ ఇండియన్ షాపులో కరివేపాకు ప్యాకెట్ కొంటే మా ఆవిడ రెమ్మలు లెక్కపెట్టి వాడుతుంది. చుట్టూ ఆరెకరాల కొబ్బరి తోటలో పుట్టిన నేను పౌండ్ పైన పెట్టి కొబ్బరికాయ కొని, ఇంటికొచ్చి కొడితే లోపల కుళ్ళిపోయి ఉన్న రోజులున్నాయి. ఆ బాధ ఏ సైటూ కొలవదు.

కరెంటు, గ్యాస్ దగ్గర రెండు దేశాలూ తిరగేసి ఉంటాయి. దుబాయ్‌లో మే నుంచి సెప్టెంబర్ దాకా ఏసీ, ఇక్కడ అక్టోబర్ నుంచి మార్చి దాకా హీటర్. దుబాయ్‌లో ఫ్లాట్ చూసేటప్పుడు చిల్లర్ ఫ్రీయా కాదా, అంటే ఏసీ చల్లదనం ఖర్చు ఓనరే పెట్టుకుంటాడా లేదా అని అడగాలి, కాకపోతే చల్లదనానికి వేరే బిల్లు వస్తుంది, అద్దె తక్కువని మురిసిపోయింది అక్కడ తీర్చేసుకుంటారు. ఇక్కడ ఎనర్జీ ప్రైస్ క్యాప్ అని మూడు నెలలకోసారి వార్తల్లో వస్తుంది, అది యూనిట్ ధర మీద పరిమితి, మొత్తం బిల్లు మీద కాదు. మా స్నేహితుడొకడు క్యాప్ ఉందిగా అని శీతాకాలం అంతా ఇంట్లో బనీనుతో తిరిగాడు.

ఇంక దుబాయ్ వైపు ఒక మంచి మాట. ఏడాది దాటి పనిచేసి మానేస్తే గ్రాట్యుటీ ఇస్తారు, మొదటి అయిదేళ్ళకి ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆ తర్వాత 30 రోజులు. కానీ అది బేసిక్ జీతం మీద. 14,000లో బేసిక్ 7,000 అయితే ఏడాదికి 4,900 మాత్రమే. అలవెన్సులు పెంచి బేసిక్ తగ్గించిన ఆఫర్‌కి వెంటనే సరే అనకండి.

ఇదంతా రెండు కాలమ్‌లలో రాసి పంపాడు మావాడు, నీట్‌గా, రంగులు కూడా వేశాడు. మూడో కాలమ్ ఏదిరా అన్నాను. మూడో దేశం ఏముందండీ అన్నాడు. మనూరు.

నేను దుబాయ్ వెళ్ళేటప్పుడు నాలుగు లక్షలు తెచ్చాను, నూటికి రెండు రూపాయల వడ్డీకి. మన వైపు అది పెద్ద వడ్డీ అని ఎవరూ అనుకోరు, తెలిసినవాడని ఇచ్చాడు పాపం అంటారు. నెలకి 8,000, ఏడాదికి 24 శాతం. ఏ దేశంలో ఏ బ్యాంకూ అంత మిగల్చదు మనకి. ఆ అప్పు తీరేదాకా దుబాయ్ చవకా, ఇంగ్లండ్ ఖరీదా అనే మాటకి అర్థమే లేదు, ముందు అప్పిచ్చినవాడికి పోవాలి. కేర్ వీసా (ముసలివాళ్ళని, జబ్బు మనుషుల్ని చూసుకునే పనికి ఇచ్చేది) ఇప్పిస్తామని ఊళ్ళో ఇప్పటికీ లక్షలు అడిగేవాళ్ళున్నారని విన్నాను, 2025 జులై 22 నుంచి బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లని తీసుకోవడం ఇంగ్లండ్ ఆపేసింది, దయచేసి పొలం తాకట్టు పెట్టకండి.

వడ్డీ తర్వాత అమ్మ మందులు, నాన్నకి కౌలు డబ్బు రాని ఏడాది ఎరువుల బాకీ, చెల్లి కాన్పు, వరదొచ్చి లంకలో అరటి మునిగిన ఏడాది ఇంకేదో. ఇవి రెండు దేశాలకీ సమానమే కదా అనుకుంటాం. కాదు. ఊళ్ళో ఏదైనా జరిగితే దుబాయ్ నుంచి రాత్రి బయల్దేరితే మర్నాటికి ఇంట్లో ఉండేవాణ్ణి. ఇక్కణ్ణుంచి హైదరాబాద్‌కే పది గంటల విమానం, ఆ పైన రాత్రి బస్సు, నలుగురికి టికెట్లు. సంక్రాంతికి రావాలంటే ఆర్నెల్ల ముందే డబ్బు పక్కన పెట్టుకోవాలి. దుబాయ్‌లో ఉన్న ఆరేళ్ళలో అయిదు సంక్రాంతులకి వెళ్ళాను, ఇక్కడికొచ్చాక పదకొండేళ్ళలో మూడు. మా నాన్న పోయినప్పుడు మూడో రోజుకి చేరాను. ఆ టికెట్ ధర నాకు గుర్తు లేదు.

మూడో కాలమ్ నింపి మళ్ళీ పంపాడు మావాడు. దుబాయ్‌లో మిగులు కాస్త ఎక్కువ కనిపిస్తోంది, పాప బడికి వెళ్ళేదాకా. ఆ తర్వాత ఇంగ్లండ్ ముందుకొస్తోంది, అదీ కంపెనీ హెల్త్ సర్‌చార్జ్ కడితే. కట్టమని రాసి అడగరా, అడిగితే ఆఫర్ ఏం వెనక్కి తీసుకోరు అని చెప్పాను. జవాబు రాలేదింకా. ఈలోగా మా అక్క ఫోన్ తీసుకుని, "అదంతా సరేగానీ తమ్ముడూ, మిక్సీ పంపాలా వద్దా" అంది. పంపవే అక్కా, రెండు దేశాల్లోనూ ప్లగ్ ఒకటే, మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది. వీడు ఎటు వెళ్ళినా ఒక్క అడాప్టర్ సరిపోతుంది.