చిట్టీ పాడి అండమాన్ వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నేనూ మావారూ ఉద్యోగులం. ఖర్చులన్నీ పోను నెలకు 24 వేలు మిగులుతాయి. పాప ఈ జూన్‌లో పదో తరగతికి వచ్చింది, బాబు ఏడో తరగతి. మాతోనే ఉండే అత్తయ్యకు 68 ఏళ్లు. ఆమెకు కాళ్లు ఆడుతుండగానే అండమాన్ చూపించాలని మా కోరిక. డిసెంబర్ చివర్లో, వండూర్ మెరైన్ పార్కు దగ్గర ఒక రిసార్ట్ చూశాం. గది రాత్రికి 9 వేలు. రెండు గదులు, ఐదు రాత్రులకు 90 వేలు, విమానానికి లక్ష, తిండికీ పడవలకూ టాక్సీలకూ 40 వేలు, మొత్తం 2.30 లక్షలు. పాప ఇంటర్ ఫీజు కోసం 3 లక్షల చిట్టీ వేశాం. 30 నెలలది, పది కట్టాం. పాట 70 వేల దగ్గర నడుస్తోంది. పాడితే సరిగ్గా 2.30 లక్షలు చేతికొస్తాయి. పాడమంటారా?

జవాబు: అత్తయ్యగారిని తప్పకుండా తీసుకెళ్లండి. చిట్టీ మాత్రం పాడొద్దు. డిసెంబర్ ఆలోచన కూడా మానుకోండి.

ముందు చిట్టీ సంగతి. 70 వేలకు పాడితే ఆ డబ్బు మీ చిట్టీలోంచి పోయినట్టే. చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 7 శాతం అనుకుంటే అందులో 21 వేలు అటు పోతాయి. మిగిలిన 49 వేలు ముప్పై మందికి పంచితే మీ వంతుకు వచ్చేది పదహారు వందల చిల్లర. ఆ తర్వాత కూడా మిగిలిన నెలలన్నీ వాయిదా కట్టాలి. ఈలోగా వచ్చే జూన్‌లో కాలేజీ మొదటి విడత ఫీజు అడుగుతుంది. అప్పుడు పర్సనల్ లోన్ కోసం తిరగాల్సి వస్తుంది. వచ్చే మే నాటికి మీ చిట్టీ 20 నెలలు దాటుతుంది. అప్పటికి పాడనివాళ్లు కొద్దిమందే ఉంటారు కాబట్టి సాధారణంగా పాట కూడా దిగుతుంది. అవసరమూ అప్పుడే, లాభమూ అప్పుడే. మా అమ్మ నా డిగ్రీ ఫీజు చిట్టీ డబ్బుతోనే కట్టింది. మధ్యలో ఎన్ని ఖర్చులు వచ్చినా దాన్ని ముట్టుకోలేదు. అందుకే ఈ విషయంలో గట్టిగా చెబుతున్నాను.

మీ లెక్కలో పన్ను లేదు. గది అద్దె రాత్రికి 7,500 వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం. అది దాటితే మొత్తం అద్దె మీద 18 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇదే పద్ధతి. అంటే మీ 9 వేల గది నిజానికి 10,620, పది గది-రాత్రులకు అదనంగా 16,200. అదే గది 7,400కు దొరికితే పన్నుతో కలిపి 7,770 అవుతుంది. అద్దెలో తేడా 1,600 అయినా మీ జేబులో మిగిలేది రాత్రికి 2,850. క్రిస్మస్, న్యూ ఇయర్ రోజుల్లో ఆ రేటు అడిగినా ఇవ్వరు. రద్దీ తగ్గాక అడగడానికి వీలుంటుంది.

ఏప్రిల్ చివరి వారం పెట్టుకోండి. పాప పరీక్షలు అయిపోయి ఉంటాయి. పదో తరగతి పిల్లను డిసెంబర్‌లో తీసుకెళ్తే అక్కడ కూడా అందరికీ పరీక్షల టెన్షనే. నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకేది సాధారణంగా మే మూడో వారంలో, ఆలోపే వచ్చేస్తారు. ఎండ ఉంటుంది, అత్తయ్యగారికి గొడుగు, టోపీ మర్చిపోవద్దు.

ఐదు రాత్రులూ వండూర్‌లో అక్కర్లేదు. మీరు చెప్పిన మెరైన్ పార్కు అసలు పేరు మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు. 1983లో ఏర్పడిన ఆ పార్కులో 15 దీవులున్నాయి. యాత్రికులు ఎక్కువగా వెళ్లేవి జాలీ బాయ్, రెడ్ స్కిన్. అవి రెండూ సీజన్‌ను బట్టి మార్చి మార్చి తెరుస్తారు, పొడి కాలంలో జాలీ బాయ్. వండూర్ జెట్టీ నుంచి పొద్దున పడవలో వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తారు, దీవిలో రాత్రి బస లేదు. కాబట్టి అక్కడ 7,400 గదిలో రెండు రాత్రులు చాలు. మిగిలిన మూడు పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024లో పేరు మార్చిన శ్రీ విజయపురంలో, 3,500 గదిలో ఉండండి. పన్నుతో కలిపి గదులకు 53,130 అవుతుంది. విమాన ఛార్జీ తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను, లక్షే ఉంచాను. మిగతా 40 వేలు కలిపితే 1,93,130.

ఈ డబ్బు చేర్చడం మీకు కష్టం కాదు. జూలై నుంచి డిసెంబర్ దాకా నెలకు 20 వేలు ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో వేయండి. చేతికొచ్చిన 1.20 లక్షల్లో లక్షతో జనవరిలో టికెట్లు, మిగతాదానితో గదుల అడ్వాన్స్. పది నెలలకు ఒకే ఆర్‌డీ వేస్తే టికెట్లు కొనాల్సిన వేళకు డబ్బు చేతిలో ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మరో 80 వేలు సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. మిగిలే ఏడు వేలు సముద్రం బాగోలేక పడవ ఆగిన రోజు కోసం. ఇలాంటప్పుడు పనికొచ్చేలా ఒక రోజు ఖాళీగా కూడా ఉంచుకోండి.

మీవారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉండి, ఆయన పాత పన్ను విధానంలో ఉంటే ఛార్జీల మీద మినహాయింపు వస్తుంది. గదులకూ తిండికీ రాదు. ఆయన మీద ఆధారపడిన తల్లి టికెట్ కూడా అందులోకి వస్తుంది. బోర్డింగ్ పాసులు దాచండి. ఏప్రిల్ ప్రయాణం కొత్త ఆర్థిక సంవత్సరం లెక్కలోకి వెళ్తుంది.

పార్కుకు సోమవారం సెలవు, ఆదివారం రాత్రి వండూర్ చేరేలా టికెట్లు తీసుకోకండి. జాలీ బాయ్‌కి ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, ఇంట్లోని స్టీలు సీసాలు పట్టుకెళ్లండి. పెద్ద పడవ నుంచి చిన్న పడవలోకి మారి ఒడ్డుకు చేరాలి కాబట్టి అత్తయ్యగారి పక్కన ఒకరు ఉండాలి. నీళ్లలో దిగకపోయినా అద్దాల అడుగున్న పడవలోంచి ఆమె పగడాలు చూడొచ్చు. రిసార్ట్‌కి ఫోన్ చేసినప్పుడు పన్నుతో కలిపి రేటు, క్యాన్సిల్ చేస్తే ఎంత పట్టుకుంటారో అడిగి మెయిల్‌లో రాయించుకోండి. ఆమెకు కింది అంతస్తు గది కూడా అప్పుడే అడిగేయండి.