ట్యాంకు నెత్తిమీదే ఉంది, షవర్‌లో ధార లేదు

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో 18 ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్. ఐదో అంతస్తు, అదే ఆఖరిది. ట్యాంకు సరిగ్గా మా నెత్తిమీద, టెర్రస్‌పై రెండడుగుల దిమ్మె మీద ఉంది. పొద్దున 6 నుంచి 8 దాకా బాత్‌రూమ్‌లో 20 లీటర్ల బకెట్ నిండటానికి 7 నిమిషాలు, మధ్యాహ్నం 4 నిమిషాలు పడుతోంది. షవర్‌లో చుక్కలే. గ్యాస్ గీజర్ వెలగడం లేదు. 78 ఏళ్ల మా అత్తయ్యగారి స్నానానికి రోజూ స్టవ్ మీద నీళ్లు కాచి మోస్తున్నాను. కింది ఫ్లాట్లలో ఎవరికీ ఇబ్బంది లేదు. ప్రెషర్ పంపు పెట్టించమని ప్లంబర్ అంటున్నాడు. పెట్టించమంటారా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఆ మరిగే నీళ్ల సంగతి. గిన్నె నిండా పట్టుకుని తడి నేల మీద నడవకండి. చన్నీళ్ల బకెట్ ముందే బాత్‌రూమ్‌లో పెట్టి, వేడినీళ్లు మూత ఉన్న చిన్న గిన్నెలో రెండుమూడు విడతలుగా తీసుకెళ్లి కలపండి.

ఇక పంపు. చివరికి అవసరం పడొచ్చేమో గానీ, ఇప్పుడే కొనకండి. 30 ఏళ్లుగా అపార్ట్‌మెంట్ల నీటి పనులు చూస్తున్నాను. మీలాగా బకెట్ పెట్టి, గడియారం చూసి రాసేవాళ్లు అరుదు. ఆ 7కీ 4కీ ఉన్న తేడాలోనే సగం జవాబు దొరికింది.

10 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే చదరపు సెంటీమీటర్‌కి సుమారు 1 కిలో ప్రెషర్ వస్తుంది. మీ షవర్‌కీ ట్యాంకు అడుగుకీ మధ్య ఐదారు అడుగులకు మించి ఉండదు. అంటే ట్యాంకు అడుగంటినప్పుడు 0.2 కిలో కూడా రాదు. అన్నిటికంటే కింది ఫ్లాట్ వాళ్లకు ఇంకో 40 అడుగులు కలిసొస్తాయి. ట్యాంకుకు దగ్గరగా ఉండటమే మీ కష్టం. కాబట్టి పైపులో చిన్న అడ్డు ఉన్నా కింద తెలియదు, మీకు మాత్రం ధార పడిపోతుంది.

పొద్దునపూట ఇంకా తగ్గుతోందంటే, అందరికీ ఒకే డౌన్ లైన్, అంటే ట్యాంకు నుంచి కిందికి దిగే పైపు, ఉండి ఉండాలి. కింద నాలుగు అంతస్తుల్లో కుళాయిలు ఒకేసారి తిప్పితే నీళ్లు మీ ఫ్లాట్‌లోకి పైపు చీలే టీ జాయింట్ దాటి జారిపోతాయి. రేపు 7 గంటలకు కుళాయి తిప్పి బొటనవేలు అడ్డం పెట్టి చూడండి. వేలిని లోపలికి పీల్చినట్టనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అలాంటి కామన్ లైన్‌కి మీరొక్కరే పంపు బిగిస్తే, అది గాలినీ పీల్చుతుంది, పక్క ఫ్లాట్ వాళ్ల నీళ్లనూ లాగుతుంది. గొడవలు అక్కడే మొదలవుతాయి.

దీనికి నేను నమ్మే మందు, ట్యాంకు నుంచి పై అంతస్తుకు విడి లైన్. ట్యాంకుకు వేరే రంధ్రం వేసి, ఒకటింపావు అంగుళం సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు తీసుకుని, బాత్‌రూమ్ దాకా సన్నబడకుండా దించాలి. ఎల్బోలు (మలుపు ముక్కలు) ఎంత తక్కువైతే అంత మంచిది. ట్యాంకు వాల్వ్ దాటగానే ఒక సన్న గొట్టాన్ని ట్యాంకు మూతకంటే ఎత్తుగా నిలబెట్టి, పైన తెరిచి ఉంచాలి. గాలి దాన్లోంచి పోతుంది, ఎయిర్ లాక్ బాధ ఉండదు. అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి.

అయితే మధ్యాహ్నం 4 నిమిషాలు కూడా ఎక్కువే. ఆ కుళాయి 2 నిమిషాల్లో బకెట్ నింపాలి. అంటే అడ్డు ఇంకోటి కూడా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో ఇలాగే అయింది. టెర్రస్ మీద గేట్ వాల్వ్ పిడి హాయిగా తిరుగుతోంది, పూర్తిగా తెరిచామనే అనుకున్నాం. విప్పి చూస్తే లోపలి ఇత్తడి బిళ్ల కాడ నుంచి ఊడి, దారికి అడ్డంగా వేలాడుతోంది. బాల్ వాల్వ్ వేశాక ఆ సాయంత్రమే షవర్ పని చేసింది. ఆ పక్కనున్న జీఐ (జింకు పూత ఇనుప) ఎల్బోని కూడా కోశాను. బోరు నీళ్ల ఉప్పు, తుప్పు కలిసి గట్టిపడి, ముప్పావు అంగుళం దారి పెన్సిల్ పట్టేంత మిగిలింది. మీది 18 ఏళ్ల బిల్డింగ్ కదా, పాత జీఐ ముక్క ఎక్కడైనా మిగిలి ఉందేమో వెతికించండి.

ఇంట్లో మీరే చూసుకోగలిగింది: షవర్ తల విప్పి ఉత్త పైపు కింద బకెట్ పెట్టండి. ధార బాగుంటే షవర్ తలనే రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి. యాంగిల్ కాక్ (గోడ దగ్గర నీళ్లు కట్టేసే చిన్న వాల్వ్), గీజర్‌లోకి నీళ్లు వెళ్లే చోట ఉన్న జాలీ కూడా కడిగించండి.

ట్యాంకు ఎత్తు పెంచుదామని ఎవరైనా అంటే తొందరపడకండి. మూడడుగులు లేపినా వచ్చేది 0.1 కిలోనే. 1000 లీటర్లంటే టన్ను బరువు, ఇంజినీర్ చూడకుండా స్లాబ్ మధ్యలో పెట్టకూడదు.

ఇవన్నీ అయ్యాక కూడా షవర్ చాలకపోతే, అప్పుడు ఆ విడి లైన్ మీదే అర హెచ్‌పీ ప్రెషర్ పంపు పెట్టించండి. నీళ్లు లేకపోతే తనంతట తాను ఆగేది కావాలి. పక్కనే ఎన్‌ఆర్‌వీ (నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వ్)తో బైపాస్, అంటే పంపును తప్పించి వెళ్లే పైపు, వేయిస్తే కరెంటు పోయినా కుళాయిలో నీళ్లు ఆగవు. ఎర్తింగ్ తప్పనిసరి. పంపు అడుగున రబ్బరు ప్యాడ్ వేయించండి, ఆ శబ్దం మీ పడకగదిలోకే దిగుతుంది.

గీజర్ సంగతి: నీటి ఒత్తిడి చాలనప్పుడు వెలగకపోవడం దానిలో పెట్టిన రక్షణే. ఎవరైనా దాన్ని తప్పించి వెలిగిస్తానంటే ఒప్పుకోకండి. ఆ గీజర్ బాత్‌రూమ్ లోపలే ఉంటే మాత్రం పైపుల పనికంటే ముందు దాన్ని బయట బాల్కనీకి మార్పించండి. తలుపు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన కూడా రాదు, మనిషి కూర్చున్నచోటే వాలిపోతాడు. పెద్దావిడ స్నానం చేసే గది కాబట్టి మరీ చెబుతున్నాను.

ఆదివారం మధ్యాహ్నం టెర్రస్ ఎక్కి, ట్యాంకు దగ్గరి వాల్వ్ మార్పించి మళ్లీ బకెట్ పెట్టండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, బొటనవేలి పరీక్షలో ఏం తేలిందో రాయండి. లైన్ ఎటు నుంచి దించాలో అప్పుడు చెబుతాను.